వరంగల్‌లో హెచ్ఆర్ చదవాలనుకుంటే ముందు ఒక పే స్లిప్ పట్టుకోండి

ఐసెట్ ర్యాంకులు వచ్చిన వారానికల్లా నా ఫోన్‌కు మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, ఎంబీఏల హెచ్ఆర్ తీసుకుంటే ఎట్లుంటది?" అని ఒకరు, "అన్నా, నాకు లెక్కలు రావు, అందుకే హెచ్ఆర్ అనుకుంటున్న" అని ఇంకొకరు. ఈ రెండో మాట చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే నేనూ అదే అనుకుని చేరాను. ఉద్యోగంలో మొదటి రోజు మా మేనేజర్ నా టేబుల్ మీద మూడు నెలల అటెండెన్స్ రిజిస్టర్లు, ఒక కాలిక్యులేటర్ పెట్టి, నాలుగొందల మందికి ఓటీ (ఓవర్‌టైమ్) లెక్క కట్టుమని చెప్పి టీ తాగడానికి పోయాడు. నేను పుస్తకంలో చదివిన మాస్లో అవసరాల పిరమిడ్ గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాను.

హెచ్ఆర్ అంటే కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే విభాగం. అది ఇంగ్లీషు బాగా మాట్లాడటం, నవ్వుతూ ఇంటర్వ్యూలు చేయడం అనుకుని వచ్చేవాళ్లు రెండో సెమిస్టర్‌కే నీరసపడిపోతారు. ఈ చదువు నిజానికి మస్టర్ (హాజరు పట్టీ), జీతం, చట్టం, ఈ మూడింటి చుట్టూ తిరుగుతుంది. మిగతాదంతా వాటి మీద కట్టుకునేదే. మన వైపు ఒక అదృష్టం కూడా ఉంది. పుస్తకంలో ఉన్న సగం సంగతులు వరంగల్ నుంచి గోదావరిఖని దాకా మన కళ్ల ముందే జరుగుతుంటాయి. కాబట్టి డెఫినిషన్ల దగ్గర మొదలుపెట్టకుండా కింద నుంచి, అంటే మస్టర్ దగ్గర నుంచి ఎలా చదవాలో చెప్తాను.

ఏ దారిలో చేరాలి

దీని మీద ఎక్కువసేపు కూర్చోకండి. రెండు ముఖ్యమైన దారులున్నాయి. ఒకటి ఎంబీఏ, దానికి ఐసెట్ రాయాలి. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. అందులో అనలిటికల్ ఎబిలిటీ 75, మ్యాథమెటికల్ ఎబిలిటీ 75, కమ్యూనికేషన్ 50. లెక్కలు రావని హెచ్ఆర్‌కు వచ్చేవాళ్లు ఇక్కడే మొదటి దెబ్బ తింటారు. ఎంబీఏలో హెచ్ఆర్ స్పెషలైజేషన్ రెండో ఏడాదిలో గానీ రాదు, అప్పటిదాకా అకౌంట్స్, స్టాటిస్టిక్స్, మార్కెటింగ్ అన్నీ మోయాలి. రెండో దారి సీపీగెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా పీజీ. కాకతీయ యూనివర్సిటీలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ విభాగం పేరులోనే హెచ్ఆర్ఎం (హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్) కూడా ఉంది. అలాంటి కోర్సులో రెండేళ్లూ దాదాపు ఇదే సబ్జెక్టు నడుస్తుంది, లేబర్ లా లోతుగా వస్తుంది. నిట్‌లో కూడా ఎంబీఏ ఉంది గానీ దాని అడ్మిషన్ లెక్క వేరు.

నన్నడిగితే, ఐటీ కంపెనీల్లో రిక్రూట్‌మెంట్ వైపు పోవాలనుకుంటే ఎంబీఏ, ఫ్యాక్టరీ, గని, ప్రభుత్వ రంగం వైపు చూస్తుంటే రెండేళ్ల హెచ్ఆర్ పీజీ. రెండో రకం చదివినా "ఎంబీఏ కాదా?" అని చుట్టాలు అడుగుతారు, అడగనీయండి. ఉద్యోగ ప్రకటనల్లో మాత్రం అర్హత కాలమ్ జాగ్రత్తగా చదవండి. కొన్నిచోట్ల డిగ్రీ పేరు అక్షరాలా సరిపోవాలంటారు, అది చూసుకోకుండా ఫీజు కట్టి తర్వాత ఏడ్చినవాళ్లు నాకు తెలుసు.

మొదటి సెమిస్టర్‌లో కనిపించే దొరలు

చేరగానే మేనేజ్‌మెంట్ సిద్ధాంతాలు చెప్పిన టేలర్, మేయో, మాస్లో, హెర్జ్‌బర్గ్, మెక్‌గ్రెగర్ వరసగా వస్తారు. వీళ్లను పేరు, సంవత్సరం, ఐదు పాయింట్లు అని బట్టీ పడితే పరీక్ష అయిన మర్నాడే ఎగిరిపోతాయి. ఒకసారి పొద్దున్నే ఏనుమాముల మార్కెట్‌కు పోయి రండి, పత్తి సీజన్ అయితే ఇంకా మంచిది. హమాలీ బస్తాలు మోస్తుంటాడు, దడువాయి తూకం వేస్తుంటాడు, గుమాస్తా రాసుకుంటుంటాడు. హమాలీకి నెల జీతం లేదు, బస్తాకు ఇంత అని రేటు. ఆ రేటు ఎవరి దయవల్లా పెరగదు, వ్యాపారులూ హమాలీ సంఘమూ కూర్చుని మాట్లాడుకుంటే పెరుగుతుంది. పీస్ రేట్, కలెక్టివ్ బార్గెయినింగ్ అని మీ పుస్తకంలో రెండు వేరు వేరు యూనిట్లలో ఉన్నవి అక్కడ ఒకే బస్తా మీద కనిపిస్తాయి.

ఆ తర్వాత ఇంటికొచ్చి టేలర్‌ను చదవండి. 1911లో వచ్చిన ఆయన పుస్తకంలో బెత్లెహామ్ స్టీల్ కంపెనీలో ఇనుప దిమ్మెలు మోసే కూలీల సంగతి ఉంటుంది. మనిషికి రోజుకు 12.5 టన్నులు మోసే చోట 47.5 టన్నులు మోయించాడు, కూలి మాత్రం 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెంచాడు. పని దాదాపు నాలుగింతలు, కూలి రెండింతలు కూడా కాలేదు. ఈ లెక్క ఏనుమాముల హమాలీకి చెప్తే ఏమంటాడో ఊహించుకోండి, టేలర్ మీద కార్మిక సంఘాలకు ఎందుకంత కోపమో మీకే తెలిసిపోతుంది. నేను పరీక్షలో ఇదే రాశాను. మార్కులు బాగానే పడ్డాయి, మా సారు మాత్రం "మార్కెట్‌కు పోయినవా నిజంగ?" అని అడిగాడు.

హాథోర్న్ కూడా అంతే. చికాగో పక్కన వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా జరిగిన ప్రయోగాలు. లైట్ల వెలుతురు పెంచితే ఉత్పత్తి పెరిగింది, తగ్గించినా పెరిగింది అనే ముక్క అందరూ రాస్తారు. నాకు నచ్చేది దాని చివరి భాగం, బ్యాంక్ వైరింగ్ రూమ్. అందులో 14 మంది పనివాళ్లు. రోజుకు ఇంత పని చాలు అని వాళ్లలో వాళ్లే ఒక గీత గీసుకున్నారు, దాన్ని దాటి ఎక్కువ చేసేవాణ్ని ఊరికే వదిలేవాళ్లు కాదు. ఎక్కువ చేస్తే యజమాని రేటు తగ్గిస్తాడని, లేదంటే మనిషిని తగ్గిస్తాడని వాళ్ల భయం. మా అమ్మ బీడీలు చేసేది, మాది జగిత్యాల వైపు. వాడలో ఆడవాళ్లంతా ఒక అరుగు మీద కూర్చుని చేసేవాళ్లు. ఒకామె చెయ్యి మరీ జోరుగా నడిస్తే పక్కామె "అంత ఉరుకుతవేందే, రేపటికి ఉంచుకో" అనేది. ఇంటర్నల్ పరీక్షకు గ్రూప్ నార్మ్స్ చదువుతుంటే నాకు ఆ అరుగే గుర్తొచ్చింది.

జీతం చిట్టీ

ఇది అన్నిటికంటే ముఖ్యం, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. మీ ఇంట్లోనో చుట్టాల్లోనో ప్రైవేటులో పనిచేసే ఎవరిదైనా పే స్లిప్ ఒకటి అడిగి తీసుకోండి. నేను మా చిన్నమ్మ కొడుకుది తీసుకున్నాను. 2023 నాటిది, హైదరాబాద్‌లో ఒక గోడౌన్‌లో పని. బేసిక్ 12,000, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె అలవెన్స్) 3,000, స్పెషల్ అలవెన్స్ 3,000, మొత్తం 18,000. కటింగ్‌ల దగ్గర పీఎఫ్ 1,440, ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) 135, ప్రొఫెషనల్ టాక్స్ 150. చేతికొచ్చేది 16,275.

ఇప్పుడు ఒక్కో అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం మీద రాయండి. పీఎఫ్ 12 శాతం, బేసిక్ 12,000 మీద 1,440. యజమాని కూడా అంతే కలుపుతాడు, కానీ ఆయన 12 శాతంలో 8.33 పెన్షన్ ఫండ్‌కు పోతుంది, 3.67 మాత్రమే పీఎఫ్ ఖాతాలో పడుతుంది. "నాది కట్ అయినంత కంపెనీది పడట్లేదన్నా" అని ప్రతి ఫ్యాక్టరీలో ప్రతి నెలా ఎవరో ఒకరు హెచ్ఆర్ రూమ్‌కు వస్తారు, వాళ్లకు చెప్పాల్సిన జవాబు ఇదే. ఈఎస్ఐ ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమానిది 3.25. అప్పటి పద్ధతిలో అది మొత్తం 18,000 మీద పడింది కాబట్టి 135. జీతం 21,000 దాటితే ఈఎస్ఐ వర్తించదు. ప్రొఫెషనల్ టాక్స్ తెలంగాణలో 15,000 దాకా లేదు, 20,000 దాకా 150, ఆపైన 200.

ఇంతవరకు బాగానే ఉంది. మెలిక స్పెషల్ అలవెన్స్ దగ్గరుంది. మావాడి గోడౌన్‌లో అది అందరికీ ఒకేలా, ప్రతి నెలా ఇస్తున్నారు. అలా అందరికీ మామూలుగా ఇచ్చే అలవెన్స్‌ను బేసిక్‌లో భాగంగానే చూడాలి, దాని మీద కూడా పీఎఫ్ కట్టాలి అని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలో వివేకానంద విద్యామందిర్ కేసులో చెప్పింది. ఆ లెక్కన పీఎఫ్ 15,000 మీద పడాలి, అంటే 1,800. మావాడికి ఈ సంగతి ఉత్సాహంగా చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అంటే నాకు చేతికి ఇంకో 360 తక్కువ వస్తది, అంతే కదన్నా?" అన్నాడు. కంపెనీ కూడా ఇంకో 360 కలుపుతుంది కదరా అంటే, "అది నాకు ఎప్పుడొస్తది?" అన్నాడు. వాడి ప్రశ్నకు జవాబు చెప్పడానికి నేను పెన్షన్ స్కీమ్ మొత్తం చదవాల్సి వచ్చింది. పదేళ్ల సర్వీసు ఉంటేనే నెలనెలా పెన్షన్‌కు అర్హత, అది 58 ఏళ్లకు మొదలు. క్లాసులో ఆ చాప్టర్ నేను ఎగ్గొట్టాను, మావాడి పుణ్యాన చదివాను.

మీరు కూడా ఇట్లాంటివి ఒక ఐదు పే స్లిప్‌లు విప్పి చూడండి. ఆర్టీసీ ఉద్యోగిది ఒకటి, ప్రైవేటు బడి టీచరుది ఒకటి, దొరికితే సింగరేణి కార్మికుడిది ఒకటి. సింగరేణి చిట్టీ చూస్తే తల తిరుగుతుంది, అన్ని కాలమ్‌లు. అందులో "ప్లే డే" మస్టర్లు ఎన్ని పడ్డాయని వాళ్లు మాట్లాడుకునేది ఆదివారమో సెలవు రోజో చేసిన డ్యూటీల గురించి. ఒక మస్టర్ తక్కువ పడితే ఆఫీసు ముందు ఎంత గొడవ అవుతుందో గని ఊళ్లలో పెరిగినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

చట్టాలు చదివే పద్ధతి

లేబర్ లా అంటే పిల్లలు టెన్షన్ పడేది సెక్షన్ నంబర్ల దగ్గర. నా సలహా ఏమిటంటే గైడు తర్వాత, ముందు చట్టం అసలు పాఠం చదవండి, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదట నిర్వచనాల సెక్షన్ మాత్రమే రెండు సార్లు చదవండి. వర్క్‌మన్ అంటే ఎవరు, ఇండస్ట్రీ అంటే ఏది, వేజెస్ అంటే ఏవేవి, సగం కేసులు ఈ మూడు మాటల మీదే నడిచాయి. 1978 నాటి బెంగళూరు వాటర్ సప్లై కేసు మొత్తం "ఇండస్ట్రీ" అనే ఒక్క మాట మీదే.

ఇప్పుడు చదివేవాళ్లకు ఒక అదనపు తలనొప్పి ఉంది. 29 పాత కేంద్ర చట్టాల స్థానంలో వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ 2019లో పాసైంది, పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తి భద్రత కోడ్‌లు 2020లో. మీ లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ మాత్రం 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అనే మాట్లాడతాయి. పాత ప్రశ్నపత్రాలూ అవే. అట్లని పాతవి వదిలేయకండి, కోర్టు తీర్పులన్నీ వాటి మీదే ఉన్నాయి. ఒక నోట్‌బుక్ మధ్యలో గీత కొట్టి ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది రాసుకుంటూ పోండి. ఉదాహరణకు మనిషిని తీసేయాలన్నా ఫ్యాక్టరీ మూసేయాలన్నా పాత చట్టంలో 100 మంది ఉన్న ఫ్యాక్టరీ ప్రభుత్వ అనుమతి అడగాలి, కొత్త దాంట్లో 300 మంది. కరెంటుతో నడిచేచోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అనేవాళ్లు, ఇప్పుడు 20. వెల్ఫేర్ ఆఫీసర్‌ను పెట్టాల్సింది 500 మంది కార్మికులుంటే, ఇప్పుడు 250. ఈ మూడో మార్పు మీ ఉద్యోగానికి సంబంధించింది, గుర్తుపెట్టుకోండి. పరీక్షలో పాత సెక్షన్ రాసి, కింద ఒక లైనులో కొత్త కోడ్ సంగతి రాస్తే దిద్దేవాళ్లకు మీరు న్యూస్ పేపర్ చదువుతున్నారని తెలుస్తుంది.

కోడ్‌లలో మీకు రోజూ తగిలేది వేజెస్ కొత్త నిర్వచనం. అలవెన్సులన్నీ కలిపి మొత్తం జీతంలో సగం దాటకూడదు, దాటితే దాటినంతా వేజెస్‌లోనే కలుపుతారు. 18,000 జీతంలో బేసిక్ 7,000 చూపించి, 11,000 అలవెన్సులు అని రాసే కంపెనీ ఉందనుకోండి, సగం అంటే 9,000, ఎక్కువైన 2,000 తెచ్చి బేసిక్ పక్కన పెడతారు, లెక్క 9,000 మీద నడుస్తుంది. గ్రాట్యుటీ, బోనస్ అన్నీ దీంతో మారతాయి. ఎక్సెల్‌లో ఈ ఒక్క షీటు సొంతంగా చేయగలిగితే ఇంటర్వ్యూలో మీ గురించి మీరు పెద్దగా చెప్పుకోనక్కర్లేదు.

పారిశ్రామిక సంబంధాల పేపర్‌కు మన దగ్గర సింగరేణి కంటే మంచి పాఠం లేదు. అక్కడ ఏ యూనియన్‌తో యాజమాన్యం మాట్లాడాలో కార్మికులే రహస్య బ్యాలెట్‌తో తేలుస్తారు. చివరగా 2023 డిసెంబర్ 27న జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ గెలిచింది. అంతకుముందు 2012లో, 2017లో టీబీజీకేఎస్. కొత్త కోడ్‌లో 51 శాతం మంది కార్మికుల మద్దతున్న యూనియనే ఏకైక నెగోషియేటింగ్ యూనియన్ అనే మాట ఉంది. దాన్నీ సింగరేణి పద్ధతినీ పక్కపక్కన పెట్టి రాస్తే పది మార్కుల జవాబు తయారు. ఆ ఎన్నికల రోజుల్లో గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లిలో గేట్ మీటింగ్‌లు జరుగుతాయి. ఎవరు ఏం హామీ ఇస్తున్నారో వినండి. సొంతింటి పథకం, కారుణ్య నియామకాలు, ఇన్‌కమ్ టాక్స్, ఇట్లా కార్మికుడి మనసులో ఏముందో అక్కడే వినిపిస్తుంది.

ఇదే పేపర్లో వి.వి.గిరి పేరు కూడా వస్తుంది. గిరి అప్రోచ్ అంటే వివాదాన్ని కోర్టు, ట్రిబ్యునల్ మీద వేయకుండా ఇరుపక్షాలే కూర్చుని తేల్చుకోవాలనేది. మనవాళ్లు ఆయన్ను రాష్ట్రపతిగానే గుర్తుపెట్టుకుంటారు గానీ 1954లో బ్యాంకు ఉద్యోగుల అవార్డును, అంటే ట్రిబ్యునల్ తీర్పును, ప్రభుత్వం మార్చిందని కేంద్ర కార్మిక మంత్రి పదవికి రాజీనామా చేసిన మనిషి ఆయన. ఇది రాయండి, ఎవరూ రాయరు.

ప్రాజెక్టు, నేను చేసిన తప్పు

ప్రాజెక్టు కోసం నేను ఒక కంపెనీలో నలభై రోజులున్నాను. పేరు వద్దు. అందులో ముప్పై రోజులు జిరాక్స్‌లు తీశాను, ఫైళ్లకు నంబర్లు వేశాను. టాపిక్ "ఉద్యోగుల సంతృప్తి", శాంపిల్ వంద మంది. ఫ్లోర్ మీదికి పోవడానికి పర్మిషన్ ఇవ్వలేదు, నేనూ గట్టిగా అడగలేదు. చివరికి నయీంనగర్‌లో మా రూమ్‌లో కూర్చుని, ఒక ప్లేట్ మిర్చి బజ్జీలు లంచమిచ్చి, మా ఫ్రెండ్స్ నలుగురితో వంద ఫారాలు నింపించాను. వైవాలో బయటి నుంచి వచ్చిన సారు నా టేబుల్ చూసి ఒక్కటే అడిగాడు: "నైట్ షిఫ్ట్ వాళ్లు క్యాంటీన్ గురించి ఏమన్నారు?" ఆ కంపెనీలో నైట్ షిఫ్ట్ ఉందో లేదో కూడా నాకు తెలియదు. ఆ తర్వాత ఆ గదిలో నాకు ఏమైందో రాయను.

కాబట్టి టాపిక్ చిన్నదిగా పెట్టుకోండి, చూసి లెక్కపెట్టగలిగేదిగా ఉండాలి. వరి కోతల నెలల్లో నాగాలు ఎంత పెరుగుతాయి, ఎందుకు అనేది మంచి టాపిక్, మన వైపు ఏ ఫ్యాక్టరీలో అయినా పనికొస్తుంది. ఊళ్ల నుంచి కంపెనీ బస్సులో వచ్చే ఆడపిల్లలు మొదటి మూడు నెలల్లోనే ఎందుకు మానేస్తున్నారు అనేది ఇంకొకటి. గీసుగొండ వైపు మెగా టెక్స్‌టైల్ పార్క్ వచ్చాక ఇది మన జిల్లా ప్రశ్న అయింది. ఆజం జాహీ మిల్లు 1934లో వచ్చిన ఊరు మనది, ఒకప్పుడు అందులో పనిచేసిన పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. వాళ్లతో మాట్లాడితే పాత మిల్లు షిఫ్టులకూ ఇప్పటి గార్మెంట్ లైన్‌కూ తేడా మీద మంచి చాప్టర్ వస్తుంది.

పర్మిషన్ కోసం నేరుగా మేనేజర్‌కు మెయిల్ పెట్టి ఎదురుచూడకండి. డిపార్ట్‌మెంట్ లెటర్ రెండు కాపీలు పట్టుకుని స్వయంగా పోండి, సెక్యూరిటీ దగ్గర నమస్తే పెట్టి టైమ్ ఆఫీసులో ఎవరుంటారో కనుక్కోండి. మస్టర్ చూసేవాళ్లు వాళ్లే. ప్రశ్నలు తెలుగులోనే రాసుకోండి. సూపర్‌వైజర్ పక్కన నిలబడి ఉండగా "మీరు ఉద్యోగంలో సంతృప్తిగా ఉన్నారా?" అని అడిగితే ఎవరైనా "మంచిగనే ఉంది సార్" అంటారు. అదే టీ కొట్టు దగ్గర "పోయిన నెల ఎన్ని నాగాలు పెట్టినవే అక్కా, ఎందుకు?" అని అడగండి, పావుగంట చెప్తుంది. పేర్లు రాసుకోవద్దు, రాసుకోవట్లేదని ముందే చెప్పండి.

రాయడం కూడా నేర్చుకోవాలి

క్లాసులో దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఫ్యాక్టరీ హెచ్ఆర్‌లో మీరు ఎక్కువగా రాసేది తెలుగులో నోటీసులు, మెమోలు, చార్జ్‌షీట్లు. నా మొదటి చార్జ్‌షీట్ ఇట్లా రాశాను: "మీరు క్రమశిక్షణ లేకుండా ప్రవర్తించి సూపర్‌వైజర్‌ను దూషించినారు." మా మేనేజర్ ఎర్ర పెన్నుతో పక్కన నాలుగు ప్రశ్నలు రాసి వెనక్కి పంపాడు. ఎప్పుడు? ఎక్కడ? ఏ మాట అన్నాడు? ఎవరు విన్నారు? మళ్లీ రాసింది: "తేదీ 14న రెండో షిఫ్ట్‌లో, సాయంత్రం సుమారు 6.40కి, ప్యాకింగ్ సెక్షన్ రెండో లైన్ దగ్గర, పని ఎందుకు ఆగిందని సూపర్‌వైజర్ అడగగా మీరు ఈ కింది మాటలు అన్నట్లు ఆరోపణ." చివరి మాట చూడండి, "అన్నట్లు ఆరోపణ". విచారణ జరగకముందే అన్నాడని తేల్చేస్తే ఆ కాగితమే రేపు లేబర్ కోర్టులో మన మీదికి వస్తుంది. సహజ న్యాయ సూత్రాలు అని పుస్తకంలో రెండు పేజీలుంటాయి. నాకు అవి ఎర్ర పెన్నుతో ఎక్కాయి. సస్పెన్షన్‌లో ఉన్నవాడికి మొదటి 90 రోజులు సగం జీతం, విచారణ ఆలస్యం అతని వల్ల కాకపోతే ఆ తర్వాత 75 శాతం ఇవ్వాలనేది కూడా అట్లనే నేర్చుకున్నాను, అది లెక్క కట్టడం మర్చిపోయి తిట్లు తిని.

ఎక్సెల్ గురించి వేరే చెప్పను, వీ-లుకప్, పివట్ టేబుల్ రెండూ రాకుండా క్యాంపస్ దాటకండి. ఇంగ్లీషు కావాలి, కానీ కార్మికుడితో మాట్లాడటానికి కాదు, మెయిల్ రాయడానికి.

చదువు అయ్యాక లెక్చరర్ వైపు పోవాలనుకునేవాళ్లు యూజీసీ నెట్‌లో సబ్జెక్ట్ కోడ్ 55 చూడండి. లేబర్ వెల్ఫేర్, పర్సనెల్ మేనేజ్‌మెంట్, పారిశ్రామిక సంబంధాలు, హెచ్ఆర్ఎం అన్నీ కలిపి ఉన్న పేపర్ అది. చాలామంది తెలియక 17 నంబర్ మేనేజ్‌మెంట్ రాసి ఫైనాన్స్, మార్కెటింగ్ చదువుకుంటూ కూర్చుంటారు. నెట్‌లో అందరికీ ఉండే జనరల్ పేపర్, మీ సబ్జెక్టు పేపర్ రెండూ కలిపి 150 ప్రశ్నలు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు.

ఇంకొక హోంవర్క్, ఈ ఆదివారం ఊరికి పోయినప్పుడు చేయండి. మన ఉత్తర తెలంగాణలో బీడీలు చేసిన అమ్మో అత్తమ్మో లేని వాడ తక్కువ, వాళ్లకు పీఎఫ్ నంబర్ ఉంటుంది. ఆ కాగితాలు బయటికి తీయించండి. మా అమ్మవి నేను పీజీ రెండో ఏడాదిలో తీశాను. పీఎఫ్ రికార్డులో ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో వెనకుంది, పుట్టిన సంవత్సరం రెండు చోట్లా వేరు. ఇట్లా ఉంటే క్లెయిమ్ కదలదు. అప్పట్లో జాయింట్ డిక్లరేషన్ (వివరాలు సరిదిద్దమనే దరఖాస్తు) పెట్టి, దాని మీద యజమాని ఆమోదం తేవాల్సి వచ్చింది. కార్ఖానా చుట్టూ నాలుగు సార్లు తిరిగాను. పీఎఫ్, పెన్షన్ క్లెయిమ్‌లలో ఫారం 19 దేనికి, 10సీ దేనికి, 10డీ దేనికి అని అప్పటిదాకా నాకు ఎప్పుడూ కలగలిసిపోయేవి, మూడో సారి తిరిగేసరికి నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. అమ్మ మాత్రం నాలుగో సారి బస్సులో, "గిది నేర్చుకునేటందుకే నిన్ను హన్మకొండల రెండేండ్లు ఉంచినమా?" అంది.